గేర్లున్న బండే బండి

తెనాలిలో కారు కొనాలనుకున్నవాడు షోరూముకు వెళ్ళేముందు ప్రకాశరావు ఎరువుల కొట్టుకు వెళ్ళాల్సిందే. వెళ్ళకపోతే ప్రకాశరావే పిలిచి మరీ చెబుతాడు. "మన ఎండలకి సన్‌రూఫ్ ఎందుకయ్యా, వడియాలు పెట్టుకోవడానికా?" అంటాడు. "ఆటోమేటిక్ అంటే తోలడం కాదు, కూర్చోవడం. గేర్లున్న బండే బండి!" అంటాడు. మరి మీకు కారు లేదేంటండీ అంటే, "నాకు తగ్గ బండి ఇంకా ఏ కంపెనీవాడూ చెయ్యలేదు" అని తేల్చేస్తాడు. అసలు సంగతేమిటంటే, ఆ మహానుభావుడికి కారు నడపడమే రాదు. ఆ ముక్క ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆ ఉదయం ప్రకాశరావు రేపల్లె రైలెక్కాడు. రేపల్లెలో ఉంటూ బాపట్ల కాలేజీలో పాఠాలు చెప్పే చెల్లెలు చంద్రకళ, రోజూ వెళ్ళిరావడానికి కారు కొనుక్కుంది. మనసు ఆటోమేటిక్ మీదున్నా, అన్నయ్య మాట మీద గేర్లదే తీసుకుంది. పూజ చూసి, పులిహోర తిని, మధ్యాహ్నానికి వచ్చి కొట్టు తెరుద్దామని ఆయన ఆలోచన.

వాకిట్లో గేటు వైపు తిరిగి ఉన్న కారుకు హారతి ఇచ్చి, పంతులుగారు చక్రాల ముందు నిమ్మకాయలు పెట్టారు. చంద్రకళ తాళం తెచ్చి అన్నయ్య చేతిలో పెట్టింది.

"నువ్వే తొక్కించన్నయ్యా. పుట్టింటి చెయ్యి పడాలి."

ప్రకాశరావు తాళం తిరిగి ఆమెకే అందించబోయాడు. "నువ్వు డ్రైవింగ్ నేర్చుకున్నావు కదమ్మా, నువ్వే..."

"కానివ్వండి బాబూ," అంది గుమ్మంలో కూర్చున్న అత్తగారు శేషారత్నం. "'మీ పుట్టింటోళ్ళవి ఒట్టి కబుర్లేనే' అని నేనంటే, 'ఇవాళ చూడండత్తయ్యా' అంటోంది మీ చెల్లెలు."

చెల్లెలి మొహం వెలిగిపోతోంది. ఆ మొహం చూశాక రాదని చెప్పడానికి ప్రకాశరావుకు మనసొప్పలేదు.

"కళ్ళజోడు మర్చిపోయొచ్చానండీ," అన్నాడు.

"మొహం మీదే ఉందండి," అన్నారు పంతులుగారు.

ఇక తప్పలేదు. క్లచ్ ఏదో, బ్రేక్ ఏదో ఆయన నిద్రలో లేపినా చెబుతాడు. పాపం, కాళ్ళకే ఆ సంగతి తెలియదు. ఏదో గేరు వేసి కాలు తీశాడు. కారు వెనక్కి పోయి, స్టూలు మీదున్న పులిహోర గిన్నెను పడేసి ఆగింది.

"వెనక్కెళ్ళిందేంటండీ?" అన్నారు పంతులుగారు.

"కొత్త మోడళ్ళకి వెనక చక్రాలతోనే తొక్కించాలండి," అనేశాడు ప్రకాశరావు. ఎలా వచ్చిందో ఆ మాట, ఆయనకే తెలియదు.

"అలాగా! శాస్త్రం కూడా కాలంతో పాటు మారాలి కదా," అంటూ పంతులుగారు నిమ్మకాయలు తీసుకెళ్ళి వెనక పెట్టారు. ఈసారి కారు ముందుకు దూకింది. ఫెళ్ళుమని గేటు తలుపొకటి ఊడి వీధిలో పడింది. వెనక నిమ్మకాయలు మాత్రం చెక్కు చెదరలేదు.

చంద్రకళ పరిగెత్తుకొచ్చింది. "దెబ్బ తగిలిందా అన్నయ్యా? నీ అంతటివాడి చేతిలోనే ఇలా అయిందంటే బండిలోనే ఏదో లోపం ఉంది! ఇప్పుడే షోరూమువాళ్ళకి ఫోన్ చేసి కడిగేస్తానుండు."

ఊఁ అంటే చాలు, పరువు దక్కుతుంది. కానీ ఫోన్ చెవిన పెట్టుకుని, తన తరఫున పోట్లాటకు సిద్ధమైన చెల్లెల్ని చూస్తే ఆయనకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

"ఫోన్ పెట్టెయ్యమ్మా. బండిలో లోపం లేదు. నాకే రాదు."

"గేర్ల బండి రాదా?"

"ఏ బండీ రాదు."

చంద్రకళ చెవి దగ్గర ఫోన్ దించేసింది. "రాదంటే నేనేమైనా అనేదాన్నా అన్నయ్యా? నీ మాట మీదే కదా నాకిష్టమైంది మానుకున్నాను," అంది. ప్రకాశరావు తల ఎత్తలేకపోయాడు. ఇక శేషారత్నం వంతు. ఆవిడ ఏమంటుందోనని ఆయన బిక్కచచ్చిపోయాడు.

"పోనీలేవే," అందావిడ. "మీ మామగారితో అన్నేళ్ళు కాపురం చేశాను. 'నాకు రాదు' అన్న మాట ఆ మనిషి నోట ఒక్కసారీ వినలేదు. ఈయన నయం."

తిట్టినా బాగుండేదనిపించింది ప్రకాశరావుకు.

నిమ్మకాయలు మళ్ళీ ముందుకొచ్చాయి. చంద్రకళ స్టీరింగు ముందు కూర్చుంది, పక్కన అత్తగారు ఎక్కింది. నిమ్మకాయలు చితికాయి, కారు మెత్తగా కదిలింది. వీధిలోంచి తెచ్చిన గేటు తలుపును పక్కకు పట్టుకుని, కారు వెళ్ళేదాకా ప్రకాశరావు అలాగే నిలబడ్డాడు.

తిరుగు ప్రయాణంలో పక్కసీటులో తెనాలి మనిషే తగిలాడు. "మీరు కనబడ్డారు, నా అదృష్టమండీ! పెద్ద కుటుంబం మాది. ఏ కారు తీసుకుంటే మంచిదంటారు?"

ప్రకాశరావు కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు: "బస్సండి."