మైనస్ పద్దెనిమిదిలో కొర్రమీను

"మైనస్ పద్దెనిమిది డిగ్రీల్లో ముప్ఫై రోజులున్నా మన కొల్లేటి చేప అప్పుడే పట్టినట్టుంటుంది. లేకపోతే నన్నడగండి!" అని శీతల శాఖామాత్యులు రత్నమాణిక్యంగారు కైకలూరులో ప్రకటించారు. ప్రకటించి ఊరుకోలేదు. కొత్త కోల్డ్ స్టోరేజీ గదిలో ఐదు కొర్రమీనుల పెట్టె స్వహస్తాలతో పెట్టి, లక్కతో సీలు వేసి, ముప్ఫయ్యో రోజున తానే వచ్చి తెరుస్తానని సెలవిచ్చారు.

వెళ్తూ వెళ్తూ, అక్కడి ఆఫీసులో పదకొండేళ్లుగా కాంట్రాక్టు మీద పనిచేస్తున్న ఆనంద్ పాల్ భుజం తట్టారు. "చేప బావుంటే నీ ఉద్యోగం పర్మనెంటు. పాడైతే, నువ్వూ చేపా ఒకే బుట్టలో బయటికి!"

అంతా చల్లగానే ఉంది, గది తప్ప. దానికింకా కరెంటు కనెక్షన్ రాలేదు.

ట్రాన్స్‌ఫార్మర్ కోసం ఆనంద్ పాల్ నాలుగు ఉత్తరాలు రాశాడు. పైవాళ్లు మీనమేషాలు లెక్కపెడుతున్నారు. మేషాల సంగతి తేలలేదు గానీ, మీనాలు మాత్రం ఐదని ఊరందరికీ తెలుసు. మే నెల ఎండ, రేకుల కప్పు. మూడో రోజుకల్లా మండవల్లి వైపు పోవాల్సిన గద్దలు కైకలూరు మీదే ఆగిపోయాయి.

"సార్, వాసనండీ," అన్నాడు ఆనంద్ పాల్, తనిఖీకి వచ్చిన ఆఫీసరు సూర్యతేజతో.

సూర్యతేజ జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని రిజిస్టరు తిరగేశాడు. "రోజూ మైనస్ పద్దెనిమిదే రాయండి. వాసన రాయడానికి ఇందులో కాలమ్ లేదు కదండీ."

ఆ సాయంత్రమే ఐదు కొర్రమీనులకూ కొబ్బరిచెట్టు మొదట్లో అంత్యక్రియలు జరిగాయి.

ముప్ఫయ్యో రోజు పొద్దున్నే ఆనంద్ పాల్ చెరువుల కాపలాదారు యాకోబుకి ఫోన్ చేశాడు. "బాబాయ్, ఐదు కొర్రమీనులు కావాలి. బాగా తాజాగా ఉండాలి. నా బతుకంతా దాని మీదే ఉంది."

"ఎంత మాట బాబూ! మా సరుక్కి వంక పెట్టినోడు లేడు."

యాకోబు మాట నిలబెట్టుకున్నాడు. కొల్లేటి చుట్టుపక్కల చచ్చిన కొర్రమీనుని ఎవరూ కొనరు, ఎవరూ అమ్మరు. తడి గోనె చుట్టి ప్రాణంతోనే పంపుతారు. యాకోబూ అలాగే పంపాడు. మంత్రిగారి కారు సైరన్ వినబడుతున్న కంగారులో ఆనంద్ పాల్ గోనెతో సహా పెట్టెలో కుక్కి, ఆఫీసు లక్కతోనే సీలు వేసేశాడు.

పెట్టెను గది బయటికి తెచ్చాక, కెమెరాల ముందు మూత తెరుచుకుంది. ఒక కొర్రమీను ఎగిరి మంత్రిగారి చెంప మీద ఛెళ్లున కొట్టి, చెప్పుల దగ్గర పడి గిలగిల్లాడింది. ఈ ముప్ఫై రోజుల్లో ఆ ఆఫీసులో కదిలింది అదొక్కటే. ట్రాన్స్‌ఫార్మర్ ఫైలు ఇంకా కదల్లేదు.

"క్వాలిటీ సార్!" అన్నాడు సూర్యతేజ, అందరికంటే ముందు తేరుకుని.

"ప్రాణం కూడా పాడవలేదన్నమాట!" మంత్రిగారు చెంప తడుముకున్నారు.

"మరి పెట్టెలో ఐసేదండీ?" అడిగింది విలేకరి అలేఖ్య.

"అది తినే బతికాయండీ," అన్నాడు ఆనంద్ పాల్.

మంత్రిగారు ఆలోచనలో పడ్డారు. "చేపకే ఇంత మేలు చేసింది, మనిషికెంత చేస్తుంది! నాకు అరవై ఆరు నిండాయి. పది నిమిషాలు లోపల కూర్చుంటాను, తలుపు వేయండి."

ఆనంద్ పాల్ తలుపుకి అడ్డంపడ్డాడు. "వద్దండీ! గడ్డకట్టుకుపోతారండీ!"

"ఐదేళ్లుగా అసెంబ్లీలో కదలకుండా కూర్చున్నవాణ్ణయ్యా. నాకు కొత్తేం కాదు," అని లోపలికి వెళ్లారు. తలుపు పడింది.

ఆనంద్ పాల్ కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. సగంలో మాటలు మరిచిపోయి మళ్లీ మొదటికొచ్చాడు. ఆరో నిమిషంలో లోపలినుంచి దబదబా బాదుడు వినబడింది. తలుపు తీశారు.

లాల్చీ ఒంటికి అతుక్కుపోయి, మీసాల చివర్ల నుంచి చెమట ధారగా కారుతూ, ఉడికిన రొయ్యలా మంత్రిగారు గుమ్మంలో నిలబడ్డారు. కెమెరాల వైపు చూశారు. తన పేరు చెక్కిన ప్రారంభోత్సవ శిలాఫలకం వైపు చూశారు. ఆ తర్వాత ఆనంద్ పాల్ వైపు చాలాసేపు చూశారు. ఆనంద్ పాల్ తల దించుకున్నాడు.

"అబ్బబ్బబ్బ! ఏం చలయ్యా నాయనా!" అని మంత్రిగారు పళ్లు టకటకలాడించారు.

సన్మానానికి తెచ్చిన శాలువాలు రెండూ సూర్యతేజ పరుగున వచ్చి కప్పేశాడు. "పదేళ్లు తగ్గారు సార్," అన్నాడు. చప్పట్లు కొట్టి, కొందరు కార్యకర్తలు తమకూ చలేస్తున్నట్టు చేతులు చంకల్లో దూర్చుకున్నారు. బయట ఎండ నలభై రెండు.

"నీ ఉద్యోగం పర్మనెంటయ్యా," అన్నారు మంత్రిగారు, శాలువా కొసతో మొహం తుడుచుకుంటూ. "అవునూ, రోజంతా ఇక్కడే ఉంటావు కదా. నీకు చలెయ్యదూ?"

ఆనంద్ పాల్ నుదుటి చెమట మోచేత్తో తుడుచుకున్నాడు.

"వేస్తుందండీ," అన్నాడు. "నాకూ ఓ శాలువా ఇప్పించండి."