రాబోయే ఏడాది ట్రిప్ షీటు

తాళ్ళలంక పురపాలక సంఘం పరిధిలో అద్దె కారు నడపాలంటే రాబోయే ఏడాదిలో వేయబోయే ట్రిప్పులన్నీ తారీకులతో సహా ముందే రాసివ్వాలి. ఆఫీసు ముద్ర పడ్డాక రాసింది రాసినట్టు జరుగుతుంది. ఇందులో వింతేమీ లేదు. అనుభవం లేనివాళ్ళకి లైసెన్సు ఇవ్వకూడదు, లైసెన్సు లేకుండా అనుభవం సంపాదించకూడదు. అందుకని జరగబోయే అనుభవాన్నే దరఖాస్తుకి జతచేయమని కౌన్సిల్ తీర్మానించింది. కిందటేడు ఒకాయన గళ్ళు నింపే తొందరలో పక్కింటాయన్ని నెలకి రెండుసార్లు కోర్టుకి రాసేశాడు. ఆ పక్కింటాయనకి అప్పటిదాకా ఏ వ్యాజ్యమూ లేదు. మొదటి వాయిదాకి వారం ముందు నోటీసు వచ్చింది.

భ్రమరాంబ ఫారం తెచ్చుకున్న రోజు ఇంట్లో పెళ్ళి కుదిరినంత సందడి. భర్త వీర్రాజు ఇరవై రెండేళ్ళు ఒకరి కార్లు నడిపాడు. ఇప్పుడు సొంత కారు నాలుగు నెలలుగా పట్టా కప్పుకుని వాకిట్లో ఉంది. ఆయన రోజూ పొద్దున్నే పట్టా తీసి, తుడిచి, లోపల కూర్చుని కాఫీ తాగి, మళ్ళీ కప్పేసేవాడు. మార్చి నెలాఖరులోగా లైసెన్సు రాకపోతే పాత యజమాని దగ్గరికే తిరిగి వెళ్ళాలి. ఆయన రాత ఆయనకే అర్థం కాదు కనుక దరఖాస్తు ఆమె పేరున పెట్టారు.

మొదట ఎదురింటి మంగతాయారు వచ్చింది. కోడలు కాపరానికొచ్చి ఆరేళ్ళయినా పిల్లల్లేరు. వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుని, జనవరిలో ప్రసూతి ఆసుపత్రికి ఒక ట్రిప్పు రాయమంది.

"వెళ్ళేటప్పుడు ఇద్దరు. తిరిగొచ్చేటప్పుడు ముగ్గురని రాయి వదినా. మర్చిపోయేవు."

భ్రమరాంబ రాసింది. మంగతాయారు ఆ గడిని రెండుసార్లు చదివించుకుని, కళ్ళు తుడుచుకుని వెళ్ళింది. సాయంత్రానికి వీధి వీధంతా వాకిట్లో ఉంది. టైలరు తన కొడుకుని ఉద్యోగంలో చేరడానికని రైల్వే స్టేషనుకి రాయించుకున్నాడు. రిటైరైన మాస్టారు నవంబరులో కాశీ రైలుకి రాయించుకున్నారు. మూలింటి కోడలు మాత్రం అందరూ వెళ్ళేదాకా ఆగి, అత్తగారిని పెద్దకొడుకు దగ్గరికి రాయమని గొంతు తగ్గించి చెప్పింది. తిరుగు ప్రయాణం ఎప్పుడని భ్రమరాంబ అడిగింది.

"ఆ గడి ఖాళీగా ఒదిలెయ్ అక్కా. రాత్తే మళ్ళీ కొట్టేయాల్సొస్తది."

నాలుగు రోజులు పొయ్యి మీద అన్నం మాడినా ఎవరూ ఏమీ అనలేదు. భ్రమరాంబకి చెయ్యి నొప్పి తెలియలేదు. ఇన్ని మంచి సంగతులు తన చేతి మీదుగా జరుగుతాయని పుట్టి బుద్ధెరిగాక అనుకోలేదు.

ఆఫీసులో గుమాస్తా ప్రసాదరావు ట్రిప్ షీటంతా మెచ్చుకుంటూ చదివాడు. చివరి పేజీ దగ్గర ఆగాడు.

"శ్మశానం గళ్ళు ఖాళీగా ఉన్నాయేంటండి?"

ఎవరూ అడగలేదని ఆమె చెప్పింది.

"అడిగి ఎవరు రాయించుకుంటారండి? మీరే చూసి వెయ్యాలి."

వార్డు జనాభాకి సగటున ఏడాదికి తొమ్మిది పడతాయని, అవి లేకపోతే లెక్క కుదరక ఫైలు తిరిగి వస్తుందని వివరించాడు. ఇంకా ఐదు రోజులు గడువుంది.

భ్రమరాంబ ఓటర్ల జాబితా ముందేసుకుని కూర్చుంది. ఎవరి పేరు మీద పెన్ను పెట్టినా ఆ మనిషి పంచదార అప్పుకి తెచ్చిన గిన్నె కళ్ళ ముందుకొచ్చేది. మాస్టారికైతే కాశీ ప్రయాణం ఉంది. మూలింటి కోడలు సలహా ఒకటి చెప్పబోతే భ్రమరాంబ వద్దంది. వీర్రాజు ఆ రెండు రోజులూ కారు పట్టా తియ్యలేదు. మూడో రోజు జాబితా చివరికొచ్చేసరికి ఆమెకి ఒక సంగతి తట్టింది. మురుగు కాలవ గట్టు మీద గుడిసెలు కూడా ఇదే వార్డు. అక్కడినుంచి ట్రిప్పు అడగడానికి ఒక్కరూ రాలేదు. రాసిన ట్రిప్పుల్లో వాళ్ళది ఒక్కటీ లేదు. చిక్కల్లా, అక్కడివాళ్ళ పేర్లు జాబితాలో సగం లేవు.

ఆఫీసుకెళ్ళి ఆ మాటే చెబితే ప్రసాదరావు నవ్వాడు. "గట్టు మీదవాళ్ళకి పేర్లక్కర్లేదండి. 'కాలవగట్టు, ఒకరు' అని రాస్తే సరిపోద్ది. అందరూ అలాగే రాస్తారు."

ఆమె గుండెల మీంచి బండ దించినట్టయింది. అక్కడే బల్ల మీద, గుండ్రటి అక్షరాలతో, పండగలు తప్పించి, ఒకే నెలలో రెండు పడకుండా తొమ్మిది గళ్ళూ నింపింది. మార్చి ఇరవై తొమ్మిదిన ముద్ర పడింది. వీధిలో టపాకాయలు కాల్చారు. వీర్రాజు కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొత్త పెళ్ళికొడుకులా సిగ్గుపడుతూ హారను కొట్టాడు. మంగతాయారు శేరు లడ్డూలు పంచింది.

మర్నాడు పోలమ్మ గిన్నెలు తోమడానికి వచ్చింది. పదకొండేళ్ళుగా వస్తోంది. ఎక్కడినుంచి వస్తుందో భ్రమరాంబ ఎప్పుడూ అడగలేదు. పెరటి గుమ్మంలోంచి వస్తుంది, అదే గుమ్మంలోంచి పోతుంది.

"అమ్మగోరూ, మా గట్టుకి తొమ్మిది రాశారంట."

 భ్రమరాంబ, ముద్ర పడిపోయిందనీ ఇక కొట్టెయ్యడం ఎవరివల్లా కాదనీ చెప్పింది.

"కొట్టెయ్యమని కాదండి. తారీకులు చెబుతారేమోనని. చెప్పకుండా నాగా పెడితే నాలుగిళ్ళలోనూ తిడతారు గదండి."

భ్రమరాంబ ఊపిరి పీల్చుకుంది. లోపలికి వెళ్ళి నకలు తెచ్చి ఒక్కొక్క తారీకే నిదానంగా చదివింది. పోలమ్మ వేలి కణుపుల మీద లెక్కపెట్టుకుంది.

"ఇందులో నాదేదండి?"

"అది రాయలేదే. ఉన్నా ఉండొచ్చు, లేకపోనూవచ్చు."

"అయితే తొమ్మిదీ చెప్పేత్తానండి అందరికీ."

చెప్పడం మంచిదేనంది భ్రమరాంబ. ఆ తొమ్మిది రోజులకీ బదులు మనిషిని ఇప్పుడే చూసిపెట్టమంది, మీ గట్టు మనిషి మాత్రం వద్దంది. పోలమ్మ సరేనని, పాలగిన్నె ముందుకి లాక్కుని తోమడం మొదలుపెట్టింది.