పాడేరు వీధిగదిలో కుక్కుట సంగ్రామం

అది విభవ నామ సంవత్సరం, శ్రావణ మాసం, సంత ముందటి రోజు. ఆకాశాన మేఘమాతంగాలు ఘీంకరిస్తుండగా, తూర్పు కనుమల శిఖరాలన్నీ మంచు దుప్పట్లు కప్పుకొని కిందికి తొంగి చూస్తుండగా, పాడేరు సంతవీధిలో ఉప్పుకొట్టు వరహాలరావు ఇంటి వీధిగది గుమ్మంలో, ఎడమచేత చేట, కుడిచేత చీపురు ధరించి, మెడలో పసుపుతాడు పచ్చదనమింకా వీడని నవవధువు, గృహసామ్రాజ్య పట్టాభిషిక్త, నాగమణి నిలిచి ఉంది.

సంతకొచ్చే బాటసారులకు ఒకటి రెండు రోజులు ఆ గది అద్దెకిచ్చే అధికారాన్ని భర్త ఆమెకు అప్పగించి సరిగ్గా నెల. ఆ నెలలో ఆమె చేసిన శాసనం ఒక్కటే: మనుషులు గదిలోకి, జంతుజాలం పెరటి పాకలోకి. పొద్దున వచ్చిన కొండరైతు మంగ్లు ఆ శాసనాన్ని తలదాల్చి, మేకపిల్లను పాకలో కట్టి, దానికి చలేస్తుందని తానూ దాని పక్కనే గోనె పరుచుకున్నాడు.

మధ్యాహ్నానికి విచ్చేశాడు చోడవరం బెల్లపు వర్తకుడు సన్యాసిరావు. అతని చంకలో, జరీకండువాలో, అగ్నిశిఖాసదృశమైన తురాయితో, ఖడ్గోపమమైన గోళ్ళతో, లోకాన్నంతా ఒంటికంటితో తృణీకరిస్తూ ఒక పందెపు కోడి!

"కోడి పాకలోకి బాబూ," అంది నాగమణి.

"కోడా!" అని సింహనాదం చేశాడు సన్యాసిరావు. "దీన్ని కోడంటావేటమ్మా? మూడు బరుల్లో ముగ్గురు మొనగాళ్ళని మట్టి కరిపించిన డేగ ఇది! మా ఇంట్లో ముందిది తింటాది, తరవాతే నాను. పాకలో అడవిపిల్లి ఎత్తుకుపోతే ఆ పాపం ఎవరిది?"

"మంగ్లు మేకపిల్లని ముట్టని అడవిపిల్లి నీ కోడికోసమే కొండ దిగొత్తాదా? అతగాడికో నాయం, నీకో నాయమూనా? సూరీడు పడమట పొడిసినా సరే, ఈ గడప దాటి ఒక్క ఈక లోపలికి రాదు!"

వెనక నిలబడ్డ వరహాలరావు భార్య వాగ్ధాటికి పొంగిపోయాడు. సరిగ్గా అప్పుడే గది మూలనుంచి వినిపించింది: "కొక్కొక్."

సన్యాసిరావు కళ్ళు మెరిశాయి. లోపలికి నడిచి, మూల బోర్లించి ఉన్న బుట్టను తొలగించాడు. కింద గడ్డిగంపలో, పదకొండు గుడ్ల మీద, సింహాసనాసీన అయిన మహారాణిలా పొదిగే కోడిపెట్ట ఒకటి!

"మరి ఇదెవరమ్మా? మీ అత్తగారా?"

వరహాలరావుకు నవ్వాగలేదు. నాగమణి చూపుకు అది సగంలోనే ఆగిపోయింది.

అయ్యో, ఆ పెట్ట సారెతో పాటు పుట్టింటినుంచి వచ్చింది! కాపురానికొచ్చాక నాగమణి పొదగేసిన మొదటి గుడ్లవి. నేటికి పంతొమ్మిదో రోజు. ఇంకో రెండు రోజులు వెచ్చగా ఉంటే చాలు. కదిపితే పెట్ట అలిగి లేచిపోవచ్చు, గుడ్లు చల్లబడిపోవచ్చు. "ఇల్లు నాది, నా కోడి నా ఇష్టం" అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. పెరటి తలుపులోంచి మంగ్లు కనిపించాడు. జల్లు తన భుజం మీద పడుతున్నా, ఒంటిమీది కంబళి తీసి మేకపిల్లకు చుడుతున్నాడు. ఆ మాటను ఆమె మింగేసింది.

"నాయం నాయమే. ముందు నా పెట్ట, ఎనక నీ డేగ."

అంతట మొదలైంది భీకర సమరం! నాగమణి చెయ్యి చాచగానే కుక్కుటమాత రెక్కలు విప్పి, మెడ ఉబ్బించి, వజ్రతుండంతో ఆమె వేళ్ళను పొడిచింది. చేటను డాలుగా పట్టి నాగమణి రెండోసారి విజృంభించింది. సాయానికొచ్చిన వరహాలరావు కాలిబొటనవేలు క్షతగాత్రమైంది. "అబ్బా! నీలాగే ఉందే ఇది!" అన్నాడాయన.

కేకలు విని మంగ్లు వచ్చాడు. "పట్టొద్దమ్మా! పట్టుకుంటే గుడ్డొదిలేత్తాది. సీకటి సెయ్యి. గంపతోనే మోసుకుపోదుం," అంటూ తన కంబళి తెచ్చి గంపంతా కప్పాడు. లోపల రాత్రయిందనుకుని పెట్ట శాంతించింది.

చెరో వైపు నాగమణీ మంగ్లూ పట్టగా, పైన తాటాకు గొడుగు వరహాలరావు పట్టగా, వెనక డేగను చంకనెత్తుకుని నోరెళ్ళబెట్టిన సన్యాసిరావు నడవగా, బురద జారే పెరటిలో పదహారడుగుల ఆ మహాప్రస్థానం ఒక్క గుడ్డు కూడా దొర్లకుండా సాగింది. పాకలో కంబళి తీశారు. పెట్ట అటూ ఇటూ చూసింది. ముక్కుతో ఒక గుడ్డును లోపలికి లాక్కుని, మళ్ళీ సర్దుకుని కూర్చుంది. నాగమణి అప్పుడు ఊపిరి వదిలింది.

సన్యాసిరావు జరీకండువా విప్పాడు. డేగను పాకలో దించాడు. దాన్ని విడిచి పోనూ లేకపోయాడు. "బేగి జరుగు మంగ్లూ, నానూ ఇక్కడే," అని గోనె మీద చతికిలబడ్డాడు. పెట్టను విడిచి నాగమణీ కదల్లేదు.

"ఏమే, అంతా ఇక్కడే ఉంటే గదెవరికి?" అన్నాడు వరహాలరావు.

"గదిలో ఈకుందా, లేదా? అది సెప్పండి!"

లేదని ఒప్పుకుని ఆయనా ఆమె పక్కన కూర్చున్నాడు.

వినుడు జనులారా! ఆ సాయంకాలం పాడేరు సంతవీధిలోని ఆ వీధిగదిలో మేక లేదు, కోడి లేదు, మనిషీ లేడు. నులకమంచం మీద కాలుమీద కాలేసుకుని, నాగమణి శాసనమొక్కటే దర్జాగా పడుకుంది.