బస్సు రాని ఊరి వైభోగం

ఊరు బాగుపడాలంటే బస్సు రావాలని మీకు చెప్పినవాళ్ళంతా మిమ్మల్ని మోసం చేశారు. ఊరు బాగుపడాలంటే ఉన్న బస్సు పోవాలి!

నవ్వకండి. మా ఊరిని చూసే మాట్లాడుతున్నాను. మాది కొండ మీది ఊరు. కింద పట్నం, పైన మేము, మధ్యలో మెలికలు తిరిగిన తారు రోడ్డు. ఆ రోడ్డు మీద పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బస్సు వచ్చిపోయేది. ఆ రోజుల్లో మేము పడిన అవస్థ పగవాడికి కూడా వద్దు.

మలుపు మలుపుకీ హారను! హారను విని కుక్కలు, కుక్కల్ని విని కోళ్ళు, కోళ్ళని విని మా వదిన. "ఏమండీ, బస్సు చివరి మలుపు ఎక్కేసింది, నా రెండో చెప్పు ఎక్కడ పెట్టారు?" అని ఆవిడ అరిస్తే ఆ అరుపు అవతలి కొండకి తగిలి తిరిగొచ్చేది. డ్రైవరు కిటికీలోంచి తల బయటికి పెట్టి, "అక్కా, దొరికిందా? పొమ్మంటావా?" అనేవాడు. "పోయి చూడు, రేపు నీ టైర్లో గాలుంటుందేమో!" అనేది వదిన. బస్సంతా గొల్లుమనేది.

ఇదా పద్ధతి? జనం నవ్వుకుంటూ పనిలోకి వెళ్ళడం ఎక్కడైనా విన్నారా?

మా అదృష్టం బాగుండి ఒకరోజు బస్సు రిపేరుకని కిందికి దిగింది. రెండు రోజుల్లో వస్తుందన్నారు. అది ఇప్పటికీ రిపేరులోనే ఉంది. ఏ మహానుభావుడు బాగుచేస్తున్నాడో గానీ, తొందరపడే మనిషి మాత్రం కాదు.

బస్సు దిగిపోయిన దారినే సైకిళ్ళు ఎక్కి వచ్చాయి.

మీరనుకునే సైకిళ్ళు కావవి. రెండు వేళ్ళతో ఎత్తితే లేస్తాయి. తొక్కేవాళ్ళ బట్టలు చూస్తే కుట్టించుకున్నారో, ఒంటికి రంగే వేయించుకున్నారో తేలదు. కొండ మొదలుదాకా సైకిలుని కారు నెత్తికెక్కించి తెస్తారు. అక్కడ కారు దిగి, సైకిలెక్కి, చెమటలు కక్కుకుంటూ మా పంపు దగ్గర తేలతారు.

వాళ్ళలో ఒకాయన మాటిమాటికీ మణికట్టు చూసుకుంటారు. గుండె ఎంత కొట్టుకుంటోందో అందులో కనిపిస్తుందట. మేము గడియారం గారని పేరు పెట్టుకున్నాం. మంచి మనిషి. పంపు కింద సీసా పెట్టి, "ఏం రోడ్డండీ మీది! ఎంత ప్రశాంతంగా ఉంది! ఒక్క బండి లేదు!" అన్నారు మొదటిరోజే.

"ఒక్క బండీ లేదండీ" అన్నాడు మా అన్నయ్య. ఎదుటివాళ్ళ మాట తీసుకుని మళ్ళీ వాళ్ళకే అప్పజెప్పడం ఆయన అలవాటు. ఇంటికి కావలసిన మాటలన్నీ వదిన దగ్గర ఉంటాయని ఆయన నమ్మకం.

గడియారం గారు మా రోడ్డు ఫొటోలు తీసి నలుగురికీ పంపారు. ఇంకేముంది! నిశ్శబ్దం కావలసినవాళ్ళంతా గుంపులు కట్టి వచ్చి, "ఎంత నిశ్శబ్దమో చూడు!" అని ముందు మలుపువాడు వెనక మలుపువాడికి కేకలేసి చెప్పడం మొదలైంది.

బస్సు పోయాక ఊరికి కలిసొచ్చినవి ఒకటా రెండా? ఆరోగ్యం సంగతే తీసుకోండి. జ్వరమొస్తే కొండ దిగి డాక్టరు దగ్గరికి నడవాలి. నడిచి వెళ్ళగలిగినవాడికి ఏ జబ్బూ లేదంటాడు డాక్టరు. నడవలేనివాడు డాక్టరుకి కనిపించనే కనిపించడు. రోగమన్న మాట లేకుండా పోయింది!

పేపరు రెండు రోజులు ఆలస్యంగా వస్తోంది. ఘోరాలు చదివి బాధపడదామనుకునేలోపే అవి పాతబడిపోతున్నాయి. చుట్టాల బెడద తీరింది. అప్పటికే వచ్చి ఉన్నవాళ్ళు దిగలేక ఉండిపోయారన్నది నిజమే. కిరాణా కొట్టు బాబాయి బావమరిది నాలుగు రోజులుండి పోదామని వచ్చాడు. మొన్న మా ఊళ్ళోనే ఓటేశాడు.

వదిన ఒక్కతే ఈ అభివృద్ధిని అర్థం చేసుకోలేదు.

ఆవిడ పట్నం ఆసుపత్రిలో ఆయా. దుప్పట్లు మారుస్తుంది, లేవలేనివాళ్ళకి తల దువ్వుతుంది, పెద్ద డాక్టరుని కూడా "చేతులు కడిగావా బాబూ?" అని అడుగుతుంది. బస్సు పోయాక కొన్నాళ్ళు పాల వ్యానులో, క్యాన్ల మధ్య కూర్చుని వెళ్ళింది. సైకిళ్ళవాళ్ళు చెయ్యెత్తి "మెల్లగా! మెల్లగా!" అంటుంటే విసుగెత్తి వ్యానువాడు అవతలి కొండ దారి పట్టాడు. ఆటోవాణ్ణి అడిగితే, "ఆ ఎత్తు చూస్తేనే నా బండికి దగ్గొస్తుందమ్మా" అన్నాడు. చివరికి ఆసుపత్రి వెనక సందులో, ఇంకో ఇద్దరు ఆయాలతో కలిసి ఒక గదిలో దిగింది. మూడు చాపలు పరిస్తే తలుపు తెరుచుకోని గది. వారానికోసారి కొండెక్కి వచ్చి, మర్నాడే దిగిపోతుంది.

మొదటిసారి వెళ్ళేటప్పుడు గడపలో నిలబడి అన్నయ్యకి అప్పగింతలు పెట్టింది. "అన్నం మాడితే గరిటతో గీకకండి, నీళ్ళు పోసి వదిలేయండి. ఎవరైనా పలకరిస్తే మీరు కూడా ఏదో ఒకటి అనండి."

"అంటాన్లే."

"ఏమంటారు?"

అన్నయ్య చాలాసేపు ఆలోచించి, "ఏదో ఒకటి" అన్నాడు.

వదిన ఊరుకునే మనిషా? ఇల్లిల్లూ తిరిగి బస్సు కోసం అర్జీ పెట్టించింది. బస్సుల ఆఫీసు నుంచి కబురొచ్చింది: మీ రోడ్డు మీద ఎంతమంది తిరుగుతారో లెక్క చూసుకోవడానికి మనిషిని పంపుతున్నాం, ఆ లెక్కని బట్టి బస్సు సంగతి తేలుస్తాం అని.

ఆఫీసరు మా ఊరికి రావడం! కొట్టు బాబాయికి ఒళ్ళు పులకరించింది. మా ఊళ్ళో ఏ మంచీ చెడూ అయినా ఆయన మాట మీదే నడుస్తుంది. "పెద్దమనిషి వస్తుంటే దారికి అడ్డం పడడం మర్యాద కాదు" అన్నాడు. అది నిజం. మాకు మర్యాదంటే పక్కకి తప్పుకోవడమే. ఎదురొచ్చినవాడు మాకంటే ఒక మెట్టు పైవాడనిపిస్తే చాలు, గోడకి అతుక్కుపోతాం.

ముందురోజే రోడ్డంతా ఊడ్చారు. గొర్రెల్ని వెనక వాలులోకి తోలారు. కుక్కల్ని కట్టేశారు. "రేపు సాయంత్రందాకా ఎవరూ గడప దాటొద్దు, తలుపులు వేసుకోండి" అన్నాడు బాబాయి.

"వేసుకుంటాం" అన్నాడు అన్నయ్య.

వదిన అక్కడుంటే ఆ మాటకి బాబాయి కొట్టు కప్పు లేచిపోయేది. కానీ ఆవిడ పట్నంలో, డ్యూటీలో ఉంది. ఎలా వస్తుంది? బస్సేదీ?

ఆఫీసరు వచ్చి మలుపులో కుర్చీ వేసుకుని, గొడుగు కింద కూర్చున్నాడు. చేతిలో నొక్కితే టిక్కుమనే లెక్కపెట్టే డబ్బీ. పొద్దంతా సైకిళ్ళు పోయాయి. మనిషన్నవాడు పోలేదు. మేమంతా కిటికీ సందుల్లోంచి చూస్తూ, మా ఊరు ఇంత అందమైనదా అని మురిసిపోయాం.

పొద్దువాలాక బాబాయి చెంబుతో మంచినీళ్ళు పట్టుకెళ్ళాడు.

"ఏమండీ, ఈ రోడ్డు మీద మనుషులే తిరగరా?" అన్నాడు ఆఫీసరు.

"తిరగనిస్తేగా!" బాబాయి ఛాతీ ఉప్పొంగింది. "తమరొస్తున్నారని తెలిసి పసిపిల్లని కూడా బయటికి రానివ్వలేదండీ! ఊరు ఊరంతా లోపలే!"

ఆఫీసరు నీళ్ళు తాగి, చెంబు తిరిగిచ్చి, "మీ అభిమానానికి సంతోషం. కానీ నేను కంటితో చూసిందే రాయాలండీ" అన్నాడు. ఎంత నిజాయితీపరుడు! చెవితో విన్నది రాసుకుంటే ఉద్యోగ ధర్మం ఏమైపోవాలి?

నెల తిరక్కుండా ఫలితం తేలింది. ప్రయాణికులు లేరు కాబట్టి బస్సు అక్కర్లేదు. సైకిళ్ళున్నాయి కాబట్టి బస్సు ఆగే చోట సైకిలు స్టాండు. పక్కన మనిషెత్తు బోర్డు: 'ప్రశాంత మార్గం. హారను మోగించరాదు.'

ఆ వారం కొండెక్కి వచ్చిన వదిన బోర్డు ముందు ఆగి, ఊపిరి తీసుకుని, నేరుగా కొట్టుకి నడిచింది.

"బాబాయ్, నిన్ను గోనెలో కుట్టి పట్నంలో దింపేసి రావాలి. ఏం చేయను, ఎక్కించడానికి బస్సు లేకుండా చేశావు!"

"నేనేం చేశానమ్మా? ఊరి పరువు నిలబెట్టాను!"

"నిలబెట్టావు. రేపు పొద్దున అది స్టార్టవుతుందా? ఎక్కి డ్యూటీకి వెళతాను."

బాబాయి పప్పు డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టాడు. బావమరిది నవ్వబోయి దగ్గాడు. అంతే, మర్నాడు పొద్దున్నే వదిన దిగిపోయింది. ఊళ్ళో మళ్ళీ ప్రశాంతత!

మొన్న ఎండ మండిపోతుంటే గడియారం గారు మా అరుగు మీద కూర్చున్నారు. అన్నయ్యదీ నాదీ ఒకే అరుగు, మధ్యలో ఒకే గోడ. లోపల వంటగదిలో కుళాయి చుక్క పడితే అరుగు దాకా వినిపిస్తోంది. గిన్నెల స్టాండులో ఒకే పళ్ళెం. తలుపు వెనక కొక్కేనికి వేలాడేది అన్నయ్య చొక్కా ఒక్కటే. పొయ్యి మీద గిన్నెలో మాడిన అన్నం నీళ్ళు పోసుకుని నానుతోంది.

"అబ్బ! ఇంట్లో కూడా ఎంత నిశ్శబ్దమండీ!" అన్నారు గడియారం గారు. "మా ఇంట్లో ముగ్గురూ ఒకేసారి మాట్లాడతారు. దీనికోసమే కదా నేను ఇంత కొండ తొక్కుకుంటూ వచ్చేది!"

అన్నయ్య రోడ్డు వైపు చూశాడు.

"మీకు కావాలంటే కొంచెం పట్టుకెళ్ళండి బాబూ" అన్నాడు. "మాకిక్కడ ఎక్కువైపోయింది."

గడియారం గారు గట్టిగా నవ్వి, సైకిలెక్కి, వాలులో దిగిపోయారు. చూస్తే ఆ సైకిలుకి వెనక క్యారియరు కూడా లేదు. ఏం పట్టుకెళతారు, పాపం!