పసుపు మీద గులాబీ, మధ్యలో బావమరిది

మా ఆవిడ ఉండగా ఈ సంగతి బయట పెట్టనివ్వలేదు. ఇప్పుడు అడ్డం చెప్పేవాళ్ళు లేరు. వినండి.

మా బావమరిదికి నేను పెట్టుకున్న పేరు అడ్డుగోడ. పెళ్ళినాటి నుంచీ ఏ ఫోటో తీసినా వాడు మా ఇద్దరి మధ్యకొచ్చి నిలబడేవాడు. మేమిద్దరమే ఉన్న ఫోటో ఒక్కటంటే ఒక్కటి లేదు. ఒకటి కావాలని హాల్లో మేకు కొట్టాను, ఫ్రేము తెచ్చాను. ఫ్రేము ఖాళీ.

ఒకరోజు వాడే ఫోటోలు అచ్చువేసే చిన్న మిషను బహుమతిగా తెచ్చాడు. సిరా పోయక్కర్లేదట, లోపలి రిబ్బన్ వేడెక్కి కాగితానికి రంగు పడుతుందట. వాడి కత్తితోనే వాడి మెడ అనుకున్నాను.

మా ఆవిడ వంటింట్లో ఉన్నప్పుడు, ఫోన్‌లో ఉన్న మా ముగ్గురి ఫోటోలో వాణ్ణి మధ్యలోంచి తీసేసి, మమ్మల్ని దగ్గరికి జరిపి మిషనుకు పంపాను.

కాగితం బయటికి వచ్చింది. ఇద్దరికీ పచ్చకామెర్లు. గబుక్కున లాగేశాను. మిషను కీచుమంది.

రెండోది వేశాను. మళ్ళీ కామెర్లు. నేను లాగేలోపే వెనక్కి దూరింది. తిరిగి వచ్చేసరికి ఇద్దరం జ్వరంతో ఎర్రబడి ఉన్నాం. అదీ లోపలికి పోయింది. ఉండాలో పోవాలో తేల్చుకోలేని చుట్టంలా ఉంది దాని వరస. దాంతోపాటు నేనూ ముందుకూ వెనక్కూ ఊగుతూ నిలబడ్డాను.

“ఏమిటా కీచు? లాగకండి!” వంటింట్లోంచి కేక. “కాగితం నాలుగుసార్లు తిరుగుతుంది. ముందు పసుపు, దానిమీద గులాబీ, ఆపైన నీలం. ఆఖర్న తడి తగలకుండా పైపూత.”

“నీకెవరు చెప్పారే?”

“మా తమ్ముడు.”

ఫోటో పూర్తయ్యేసరికి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

“తమ్ముడేడీ?”

“రంగు చాల్లేదే. మనిద్దరికే సరిపోయింది.”

“మనిషికింతని వడ్డిస్తారా రంగు? సరే, మీ భుజం మీద ఈ చెయ్యెవరిది?”

అప్పుడు చూశాను. వాడు పోయాడు గాని, వాడి చెయ్యి మిగిలింది.

“నాదే.”

“మరి కిందికి వేలాడుతున్న ఈ రెండు చేతులూ?”

“వేడెక్కువై వాడు ఆవిరైపోయాడేమో!”

ఆవిడ మిషను మూత తీసి, రిబ్బన్ డబ్బా లాగి, వాడేసిన రిబ్బన్‌ని కిటికీ వెలుగుకు పట్టింది. వేడి తగిలినచోట రంగు కాగితానికి వెళ్ళిపోతే, రిబ్బన్ మీద వెలిసిన బొమ్మ మిగులుతుందట. పసుపు ముక్కలో మా ఇద్దరి మొహాలూ దయ్యాల్లా తేలాయి. గులాబీలోనూ, నీలంలోనూ అంతే.

“ఆవిరైతే ఇక్కడ వాడి బొమ్మ ఉండాలిగా? మావాడు అసలు లోపలికే వెళ్ళలేదండీ.”

“ఒక్క ఫోటోలోనైనా మనిద్దరమే ఉండకూడదటే?”

“అడిగితే తీయించుకునేవాళ్ళం. అడిగారా?”

తమ్ముడు చూస్తే బాధపడతాడని ఆ ఫోటో చింపేసింది. బయటికి లాగిన రిబ్బన్ ఇక పనికిరాలేదు. కొత్త డబ్బా వాడే తెచ్చాడు, వాడే అచ్చువేశాడు. నాలుగుసార్లు తిరిగి ముగ్గురం వచ్చాం. నా ఫ్రేములోకి అదే ఎక్కింది.

మొన్న వాడొచ్చి దానిముందు నిలబడి, “బావా, నేను బాగా పడ్డాను కదూ?” అన్నాడు. వాణ్ణి నేను క్షమించలేదు, క్షమించను.

పాత రిబ్బన్ మాత్రం దాచుకున్నాను. వెలుగుకు పడితే మేమిద్దరమే. నా భుజం మీద ఆ చెయ్యి కూడా ఉంది. అది ఆవిడదే అనుకుంటున్నాను.