ఆదెయ్య చేలో సిగ్నల్

ఆ రోజు పొద్దున త్రినాథ్ అనుకున్న పని చిన్నదే. ఫోను పట్టుకుని సొంత మిరప చేలో కాసేపు నడిచి, ఇంటికొచ్చి టిఫిన్ తినాలి.

అతను పత్తిపాడు దగ్గర సొంతూళ్ళో కూర్చుని, హైదరాబాదు కంపెనీకి వీడియో గేములు తయారుచేస్తాడు. కొత్త గేములో ఆటగాడు ఏదో గ్రహం మీద దిగి స్కానర్ నొక్కితే చాలు, ఎక్కడ ఏ ఖనిజం ఉందో మొత్తం తెర మీద వెలిగిపోతుంది. ఇంక వెతకడానికేముంది, నా మొహం? ఆడినవాళ్ళంతా విసుక్కున్నారు. సోమవారంలోగా దాన్ని బాగుచెయ్యకపోతే వేరే ఉద్యోగం చూసుకోమని బాస్ జయరావు చెప్పేశాడు. అందుకే త్రినాథ్ కొత్త పద్ధతి కట్టాడు. తెర మీద ఏమీ కనపడదు, దాచిన చోటికి దగ్గరైతే ఫోను వణుకుతుంది. అది నడిచి చూస్తేగాని తెలియదు.

పక్క చేను ఆదెయ్యది. బోరు ఎండిపోయి, కాయ మీదున్న తోట వడలిపోతుంటే అతనికి నిద్ర పట్టడం లేదు. పొలంలో ఎవరు వంగినా నీళ్ళ కోసమేనని అనుమానం. గట్టు దిగి వచ్చాడు.

“ఏరా త్రినాథ్, ఏం వెతుకుతున్నావ్?”

“గేము బాబాయ్. వేరే గ్రహం మీద ఖనిజాలు.”

ఇంత చదువుకున్నవాడు ఎండలో ఆట కోసం నడుస్తాడా? అబద్ధమైనా అతికినట్టుండాలి అనుకున్నాడు ఆదెయ్య.

అంతలో జయరావు ఫోను చేశాడు. సిగ్నల్ అందక త్రినాథ్ గట్టు దాటి ఆదెయ్య చేలోకి వెళ్ళి, ఒకచోట నిలబడిపోయాడు. తిట్లు తింటూ, తలూపుతూ, ఏం చెయ్యాలో తోచక మడమతో నేలను పొడిచాడు. ఆదెయ్యకు అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

వెంటనే వెళ్ళి నాగూర్ వలిని తీసుకొచ్చాడు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచి, అది నిక్కిన చోట బోరు పాయింటు చెప్పే మనిషి అతను. ముందు మడమ గుర్తు చూశాడు, తర్వాత నడిచాడు. కాయ సరిగ్గా అక్కడే నిక్కింది. కాయకీ ముందే ఎవరో చెప్పినట్టుంది.

మధ్యాహ్నానికి ఊరు కదిలింది. ఒకడు ఇంటి దగ్గర కట్టేసిన గేదెనే వెతుక్కుంటూ వచ్చాడు. ఇంకొకడు గడ్డి లేనిచోట గడ్డి కోశాడు. అందరూ త్రినాథ్ ఆగిన చోట్లే తొక్కి చూస్తున్నారు. తను ఎవరికీ ఏమీ చూపించలేదు, అయినా వాళ్ళ వెతుకులాట ఆగలేదు. త్రినాథ్ బుర్రలో ఏదో వెలిగింది. సంతోషించేలోపే బోరు లారీ వచ్చింది.

“బాబాయ్, నేనక్కడ ఆగింది సిగ్నల్ కోసం. కింద ఏముందో నాకు తెలీదు.”

“నన్ను ఇంటికి పంపి నీ వైపు బోరు దించుకుందామనా?”

రాడ్లు దిగాయి. దుమ్ము. మళ్ళీ దుమ్ము. ఆదెయ్య మొహం పాలిపోయింది. త్రినాథ్‌కు ఏడుపొక్కటే తక్కువ. తర్వాత బురద లేచింది, దాని వెనకే నీళ్ళు. తడిసి ముద్దయిన ఆదెయ్య త్రినాథ్‌ను వాటేసుకుని, ఇంత తెలిసీ చెప్పనందుకు తిట్టాడు.

సోమవారం త్రినాథ్ వీడియో కాల్‌లో కొత్త గేము చూపించాడు. స్కానర్ ఏమీ చెప్పదు. దూరంగా ఇంకో అన్వేషకుడు ఎక్కడో ఆగి, మడమతో నేలను పొడుస్తాడు. మిగతాది ఆటగాడి అనుమానం.

“ఎవడో ఆగాడని ఇంకొకడు తవ్వుతాడా? ఎవరు నమ్ముతారయ్యా?” అన్నాడు జయరావు.

త్రినాథ్ జరిగిందంతా చెప్పి, కెమెరాను కిటికీ వైపు తిప్పాడు. చేల నిండా బోరు లారీలు.

జయరావు ఆ లారీలను లెక్కపెట్టాడు. గేము ఖాయమన్నాడు, ఉద్యోగమూ ఖాయమన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

“మా ప్లాటులో బోరు పడట్లేదు. ఒకసారి వచ్చి నిలబడు, ఫోను నేనే చేస్తాను.”