గోల్ లేని పిల్లలూ, గళ్ళు నింపే నాన్నలూ

ఎనిమిదేళ్ళు నిండినా జీవితంలో ఒక గోల్ అంటూ లేని పిల్లల్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మీకు మండదా? అయితే మీకూ గోల్ లేనట్టే!

మొన్నమొన్నటి దాకా మా అమ్మాయీ ఆ బాపతే. మూడో తరగతి. ఆకలేస్తే తినేది, నిద్రొస్తే పడుకునేది, నవ్వొస్తే నవ్వేది. వచ్చే వారానికి నీ ప్లాన్ ఏమిటమ్మా అని అడిగితే బల్ల కింద దూరి పిల్లిలా అరిచేది. ఇలాంటి మనిషికి రేపు ఎవరు ఉద్యోగం ఇస్తారండీ?

అదృష్టం బాగుండి వాళ్ళ క్లాసు టీచరుగారు ఏదో ట్రైనింగుకు వెళ్ళొచ్చారు. రెండు రోజుల ట్రైనింగు. వెళ్ళేటప్పుడు మామూలు మనిషే. వచ్చేటప్పుడు మాత్రం చంకలో చుట్టచుట్టిన చార్టులు, చేతిలో స్కెచ్ పెన్నుల డబ్బా. మర్నాటికల్లా క్లాసు గోడ మీద ముప్ఫై నాలుగు కాగితపు నిచ్చెనలు వెలిశాయి. ఒక్కో నిచ్చెన దగ్గర ఒక్కో చీమ. చీమకు మొహం ఉండాల్సిన చోట పిల్లల ఫోటో. ప్రతి పిల్లా పిల్లవాడూ వారానికో గోల్ పెట్టుకోవాలి. ఏ రోజు గోల్ సాధిస్తే ఆ రోజు చీమ ఒక మెట్టు ఎక్కుతుంది. సాధించకపోతే వచ్చేపోయే వాళ్ళందరికీ కనబడేలా అక్కడే వేలాడుతుంది. పసిపిల్లలకు ఇంతకన్నా ప్రోత్సాహం ఏం కావాలి?

మా అమ్మాయి మొదటి గోల్: రోజుకు రెండుసార్లు చెయ్యెత్తడం. జవాబు తెలిసి ఉండాలని చార్టులో ఎక్కడా లేదు గనక పని సులువే అనుకుంది. మంగళవారం మాత్రం బడి వదిలే వేళ అవుతున్నా ఒక్కసారే ఎత్తింది. పాపం, కంగారు పడిపోతోంది. ఇంతలో టీచరుగారు నేల మీద నీళ్ళు ఎవరు ఒలకబోశారని అడిగారు. మా అమ్మాయి చటుక్కున చెయ్యెత్తింది. ఒలకబోసింది వెనక బెంచీ వాడు. తుడిచింది మా అమ్మాయి. అయితేనేం, చీమ ఎక్కింది!

రెండో వారం గోల్: రోజూ ముగ్గురిని చూసి నవ్వడం. ఒకరోజు ఇద్దరు దొరికారు, మూడోవాళ్ళు దొరకలేదు. చివరికి గేటు దగ్గర వాచ్‌మన్ ఎదురుగా నిలబడి, ఆయన తలెత్తి చూసేదాకా పళ్ళు బయటపెట్టుకుని ఉండిపోయిందట. ఇంటికొచ్చాక దవడలు నొప్పెడుతున్నాయంది. స్నేహం అంటే ఊరికే వస్తుందా మరి!

అయితే దాని స్నేహితురాలి ముందు ఇదంతా బలాదూర్. ఆ పిల్ల 'రోజూ బడికి రావడం' అని గోల్ పెట్టుకుంది. వచ్చింది. దాని చీమ ఇప్పుడు అందరికన్నా పైన ఉంది. నేను ఆ పిల్లకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. మా ఆఫీసులో ఈ రహస్యం కనిపెట్టడానికి మాకు పదిహేనేళ్ళు పట్టింది.

ఇంత చక్కటి పద్ధతి పిల్లలకే పరిమితం కావడం అన్యాయం కదా? టీచరుగారికీ అలాగే తోచినట్టుంది. మూడో వారం తల్లిదండ్రులకూ చార్టు పంపారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకో గడి, గోల్ సాధిస్తే గడిలో ఆకుపచ్చ రంగు నింపాలి. మా ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, గోల్స్ పెట్టుకునే తీరిక తనకు లేదని చెప్పి, అమ్మాయి యూనిఫారం ఇస్త్రీ చెయ్యడానికి వెళ్ళిపోయింది. నేను అలా కాదు. బాగా ఆలోచించి, అందంగా రాశాను: 'రోజూ పది నిమిషాలు మా అమ్మాయితో మాట్లాడడం.' లెక్క చూసే బాధ్యత అమ్మాయికే అప్పగించాను. అది గుడ్లు ఉడకబెట్టేటప్పుడు పెట్టుకునే టైమరు వంటింట్లోంచి తెచ్చుకుంది.

ఏం చెప్పమంటారు! సోమ, మంగళ, బుధ, గురు... నాలుగు గళ్ళూ ఆకుపచ్చ. ఫోటో తీసి ఆఫీసులో చూపించాను. పిల్లలు లేని మా మేనేజరు కూడా మెచ్చుకున్నాడు.

శుక్రవారం అమ్మాయి భుజాన ఉన్న బ్యాగు దించకుండానే వచ్చి నా ఎదురుగా కూర్చుని టైమరు తిప్పింది. నేను పద్ధతిగా మొదలుపెట్టాను. ఏం పాఠం చెప్పారు, చీమ ఎన్నో మెట్టు మీద ఉంది, పక్క చీమ ఎన్నో మెట్టు మీద ఉంది, మనం ఎందుకు వెనకబడ్డాం, వచ్చే వారం గోల్ ఏమిటి. అన్నిటికీ బుద్ధిగా జవాబు చెప్పింది. బ్యాగు పట్టీ వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చెప్పింది. తొమ్మిది నిమిషాలు ఇట్టే గడిచిపోయాయి. తర్వాత నాకు ప్రశ్నలు అయిపోయాయి.

"నాన్నా, ఇవాళ అన్నాల దగ్గర నా పక్కన ఎవరూ కూర్చోలేదు," అంది.

టైమరు మోగింది.

అమ్మాయి ముక్కు తుడుచుకుని, స్కెచ్ పెన్ను మూత తీసి, గీత బయటికి పోకుండా ఐదో గడి నింపింది.

"తర్వాత ఏమైందమ్మా?" అన్నాను.

"నీ గోల్ అయిపోయింది నాన్నా. ఇంక ఫోన్ చూసుకో," అంది.

వెక్కిరింపు కాదండీ. అలాగైతే బాగుండేది. నిజంగానే నా మేలు కోరి అంది. గోల్ సంగతి వదిలెయ్యి, ఇంకాసేపు చెప్పమ్మా అని బతిమాలాను. అది చార్టు వంక చూసి, ఇవాళ్టికి ఇంకో గడి లేదని చెప్పి, బ్యాగుతో సహా లోపలికి వెళ్ళిపోయింది. శని, ఆదివారాలు అడిగినా ఏం లేదులే నాన్నా అంది.

సోమవారం చార్టు తిరిగొచ్చింది. నా వరస మొత్తం ఆకుపచ్చే. పక్కన టీచరుగారు ఎర్ర సిరాతో 'వెరీ గుడ్ ఫాదర్' అని రాసి నక్షత్రం అంటించారు. ఫ్రిజ్ మీద పెట్టాం, మా ఇంటికి వస్తే చూడొచ్చు. ఆ రోజు మా అమ్మాయి పక్కన ఎవరూ ఎందుకు కూర్చోలేదో మాత్రం నన్నడక్కండి, నాకు తెలియదు.